అవ్వ రేకు డబ్బా

మా ఇంట్లో అటక మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. దాంట్లో బిస్కెట్లు ఉన్న కాలం నాకు తెలీదు, ఊహ తెలిసినప్పటి నుంచీ ఫోటోలే. తాత మామిడికాయల మండీలో లెక్కలు రాసేవాడు. ఒక సీజన్ బాగా జరిగిన ఏడు అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నాడట. రోలుకు 12 ఫోటోలే. ఆ 12 తీయడానికి ఒక్కోసారి ఏడాది పట్టేదంట! మనం ఒక్క సెల్ఫీకే 12 తీస్తాం.

పోయిన దసరాకి బెంగుళూరు నుంచి చిన్నాయన వచ్చి, "ఇవన్నీ స్కాన్ చేయించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టు పాపా, ఖర్చు నాది" అన్నాడు. నేను సరే అన్నాను. అవ్వ డబ్బా మూత ఒత్తిపెట్టి, "ఇయ్యి యాడికీ పోవు" అనింది.

అయినా కృష్ణగిరిలో ఒక స్టూడియోలో అడిగి చూశాను. ప్రింట్లయితే ఒక్కోటి 20 రూపాయలకు చేస్తారట. నెగటివ్‌లు కుదరదన్నారు. వాళ్ల మిషన్‌లో 35 మిల్లీమీటర్ల ఫిలిమే పడుతుంది, తాతది 120 ఫిలిం, ఒక్కో బొమ్మ ఆరు సెంటీమీటర్ల చదరం. బెంగుళూరుకు పంపాలన్నారు.

ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే గుప్పున పుల్లటి వాసన. "గంజి పులిసినట్ల ఉండాదే" అనింది అవ్వ. ఎందుకో వెతికి చదివాను. అసిటేట్ ఫిలిం వేడికీ తేమకూ చెడిపోతూ అసిటిక్ ఆమ్లం వదులుతుంది. అదే వెనిగర్ వాసన. ఒక ముక్కకు పడితే పక్కవాటికీ సోకుతుంది. మొదలైందాన్ని వెనక్కి తిప్పలేం, చల్లగా ఉంచి నెమ్మది చేయగలం, అంతే. మన కావేరిపట్టణం ఎండలకు అటక చల్లగా ఎక్కడుంటుంది? కొన్ని రోళ్ల అట్టపెట్టెల మీద 'ఇందు' అని ఉంది. మన ఊటీలో హిందూస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్లు తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది.

అన్నిటికంటే ఎక్కువ వంకరపోయిన ముక్కలో ఉన్నది మా అత్త. తొమ్మిదేళ్లకే జ్వరంతో పోయింది. ఉన్న ఒక్క ప్రింటు మరుసటి ఏడు వానకు తడిసి పాడైంది. ఇక మిగిలింది ఆ నెగటివే. అవ్వ ఏటా పెద్దల అమావాస్యనాడు దాన్ని కిటికీకి ఎత్తిపట్టి చూస్తుంది. అంటే నలభై ఏళ్లకు పైగా కూతుర్ని నల్ల ముఖంతో, తెల్ల జుట్టుతోనే చూస్తోంది. నాకది అప్పటిదాకా తట్టనే లేదు.

"గ్రూపులో పెడితే ఏమైతాది? అందరూ ఒక దండం బొమ్మ పెట్టి పైకి తోసేస్తారు. గుడ్ మార్నింగ్ పూల మధ్యన నా బిడ్డ ఉండాల్నా?" అనింది. ఇదే మాట ఫోన్లో చిన్నాయనకు చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. "నాకు అక్క ముఖం గుర్తే లేదు పాపా" అన్నాడు. అది పోయినప్పుడు ఆయనకు ఐదేళ్లు. ఇద్దరిదీ న్యాయమే. నేనెవరి వైపు మాట్లాడను?

చివరికి ఇంట్లోనే చేశాను. అమ్మ ఫోన్ తెర తెల్లగా వెలిగించి, దానిమీద ట్రేసింగ్ కాగితం, కాగితం మీద నెగటివ్. నా ఫోన్‌తో పైనుంచి తీశాను. తీసే ముందు బ్యాకప్ ఆపేశాను, అవ్వకు మాటిచ్చాను కదా. తర్వాత నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసి అవ్వ చేతికిచ్చాను.

అవ్వ ఏడవలేదు. ఫోన్ దగ్గరికి పట్టుకుని, "కమ్మలు పెట్టుకోనుండాది సూడు. నేను మరిసే పోతిని" అనింది.

మిగతా ఫోటోలు ఒక్కొక్కటే గ్రూపుకు పోతున్నాయి. అవ్వ పేర్లు చెప్తుంటే వెనక పెన్సిల్‌తో రాసుకున్నాకే పంపుతున్నాను. అత్త ఫోటో పంపలేదు. అవ్వే చిన్నాయనకు ఫోన్ చేసి, "సంకురాత్రికి రా, నేనే సూపిస్తా" అనింది.

ఇప్పుడు అది నా ఫోన్‌లో ఒక్కచోటే ఉంది. ఈ ఫోన్ ఇప్పటికే రెండుసార్లు కింద పడింది. పెన్‌డ్రైవ్‌లో కూడా వేద్దామా అని అడిగితే అవ్వ ఇంకా ఆలోచిస్తా ఉంది.