చెప్పి ఆపాలి

నాన్న సంవత్సరీకానికి పాత ఫొటోలన్నీ ఒకచోట చేర్చాలనుకున్నా. స్కాన్ చేసినవి తొమ్మిది వందల దాకా తేలాయి. వాటి సైజు తగ్గించడానికి పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకున్నా. చదివింది జర్నలిజం డిప్లొమానే అయినా అవసరం అన్నీ నేర్పిస్తుంది కదా! పని త్వరగా తెమలాలని నాలుగు థ్రెడ్లు పెట్టా. అంటే, ఒకే ప్రోగ్రాములో నలుగురు పనివాళ్లన్నమాట.

పని బాగానే సాగేది. చిక్కల్లా ఆపడం దగ్గరే. మధ్యలో ఆపితే ఓసారి బిగుసుకుపోయేది. ఇంకోసారి 'మెమరీని చదవలేకపోయాం' అంటూ మెసేజ్ వచ్చేది. మెమరీ చాలట్లేదేమోనని ర్యామ్ కూడా కొని వేయించా. ఊహూ! ఓ రాత్రి విసుగొచ్చి ఆపేశా. పొద్దున్నే తెరిచి చూస్తే... సైకిల్ మీద నాన్న ఫొటో సగమే ఉంది. నడుం కింద అంతా బూడిదరంగు. పాత ఫైలు మీదే కొత్తది రాయించిన తెలివి నాదే!

ఏడుపు గొంతుతో తమ్ముడికి ఫోన్ చేశా.

''అక్కా, థ్రెడ్లను ఎలా ఆపుతున్నావ్?''

విండోస్‌లోని 'టెర్మినేట్ థ్రెడ్' వాడుతున్నానని చెప్పా.

''అదే కొంప ముంచింది. మరీ తప్పనిసరైతే తప్ప వాడొద్దని మైక్రోసాఫ్టే హెచ్చరిస్తుంది. జావాలో ఇలాంటి 'స్టాప్'ని 1998లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచే వద్దన్నారు. పెళ్లిలో వంటవాళ్లనే తీసుకో. స్టోర్‌రూమ్ తాళంచెవి జేబులో ఉన్నవాణ్ని ఉన్నపళంగా మాయం చేస్తే? మిగతావాళ్లు తలుపు దగ్గరే నిలబడిపోతారు. అదే బిగుసుకుపోవడం. సామాన్ల చిట్టా సగం రాస్తుండగా మాయం చేస్తే? దాన్ని నమ్మి లేని గిన్నెలో గరిటె పెడతారు. అదే మెమరీ ఎర్రర్. ర్యామ్ ఎంతున్నా ఒకటే.''

''మరేం చేయాలిరా?''

''చెప్పి ఆపాలి. 'ఇక చాలు' అని ఒక గుర్తు పెట్టు. పైథాన్‌లో దానికి 'ఈవెంట్' ఉంది. ఒక్కో ఫొటో అయ్యాక ప్రతి థ్రెడ్డూ దాన్ని చూసుకుని, తనంతట తనే ముగిస్తుంది. అన్నీ ముగిసేదాకా 'జాయిన్'తో ఆగి, అప్పుడు తలుపెయ్యి. కొత్త ఫొటోలు మాత్రం వేరే ఫోల్డర్‌లో రాయించు.''

మార్చింది పదో పదిహేనో లైన్లు. ఆపమన్నాక రెండు మూడు క్షణాలు ఆగాల్సి వస్తోంది, అంతే. ఎర్రర్ మళ్లీ రాలేదు. ఆ కాస్త ఆగలేకే కదా ఫొటో పోగొట్టుకున్నది!

అదృష్టం... దాని కాగితం ప్రతి తెనాలిలో పిన్ని దగ్గర దొరికింది. ఈసారి స్కానర్ నాన్న చెప్పుల దాకా వచ్చేవరకూ కుర్చీలోంచి లేవలేదు.