ఆ ఒక్క గడీ ఖాళీ!

హైదరాబాద్‌లోని ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద నెల రోజులుగా కంచాల కన్నా కాగితాలే ఎక్కువ. మ్యాపులు, బస్సు వేళలు, వీసా దరఖాస్తులు, ఉన్ని దుస్తుల ధరలు... అన్నీ ఒక్క ఊరి కోసమే. షామోనీ! ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులకు చేరువలో, ఆల్ప్స్‌లోకెల్లా ఎత్తైన మాంట్ బ్లాంక్ పాదాల దగ్గర ఒదిగిన లోయ అది. 1924లో మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్స్ జరిగింది అక్కడే. ఆ శిఖరాన్ని మనుషులు తొలిసారి ఎక్కింది 1786లో. పర్వతాలు ఎక్కడమనే సరదాకు పుట్టిల్లుగా చెప్పుకునే ఊరు!

పథకం వేసింది ఆ ఇంటి కొడుకు. నలభై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ పని మొదలుపెట్టినా ముందు ఎక్సెల్ షీటు తెరవడం ఆయన అలవాటు. మంచు మీద ఒక్కసారైనా జారాలన్నది కాలేజీ రోజుల నాటి కోరిక. ఇప్పటికి తీరిక దొరికింది. అమ్మానాన్నల్నీ, భార్యనీ, పదేళ్ల కూతుర్నీ కూడా తీసుకెళ్లాలనుకున్నాడు.

‘ఆ మంచులో నేనేం చేస్తానురా, నా మోకాళ్ల సంగతి తెలుసుగా’ అంది తల్లి. తండ్రి ఏమీ అనలేదు. ఊరి పేరు మాత్రం రెండోసారి అడిగి తెలుసుకున్నారు.

మొదటి షీటు చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. ఫిబ్రవరిలో ప్రయాణం. వరసగా ఆరు రోజులు స్కీయింగ్. నాలుగు రోజులు నేర్చుకోవడం, అయిదో రోజు సాధన. ఆరో రోజు గడిలో ఎర్ర అక్షరాలతో ‘వాలీ బ్లాంష్’ అని ఉంది. 3,842 మీటర్ల ఎత్తున్న ఎగ్వీ దు మిది శిఖరానికి కేబుల్ కారులో వెళ్లి, అక్కడి నుంచి హిమానీనదాల మీదుగా సుమారు 20 కిలోమీటర్లు జారుకుంటూ దిగే దారి అది. షామోనీ వెళ్లే స్కీయర్లందరి కలా అదే!

చూడ్డానికి ఒకటే లోయ

వివరాల్లోకి వెళ్లేకొద్దీ షీటు రంగులు మారడం మొదలైంది. మొదటి మార్పు నెలలోనే. ఫిబ్రవరి మొదలు మార్చి తొలి రోజుల దాకా ఫ్రాన్స్‌లో బడులకు ప్రాంతాలవారీగా శీతాకాలం సెలవులు. కొండల్లో గదులు దొరకవు, దొరికినా ధరలు కొండెక్కి ఉంటాయి. అదే కొత్త సంవత్సరం సందడి ముగిశాక జనవరిలో అయితే రద్దీ తక్కువ. సంక్రాంతి సెలవులకు ఇంకో వారం కలిపితే పాపకి బడి నష్టమూ తక్కువే. ఆ లెక్కన జనవరి 18న దిగి, 25న తిరుగు ప్రయాణం.

రెండో మెలిక లోయలోనే ఉంది. షామోనీ అంటే ఒకే పెద్ద స్కీ మైదానం అనుకుంటారు చాలామంది. కాదు. బ్రెవాన్, ఫ్లెజేర్ ఒక జట్టు. వాటి మధ్య మాత్రం కేబుల్ కారు ఉంది. గ్రాన్ మోంటే, లె టూర్, లెజూష్ దేనికది విడి. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లాలంటే స్కీలు భుజాన వేసుకుని బస్సో రైలో ఎక్కాలి. వాలులకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులు గుర్తు. పచ్చవి తేలిక, నల్లవి కఠినం. కొత్తవాళ్లు నేర్చుకునే చోట్లు లోయ అడుగునే ఉన్నాయి. ఊరికి ఆనుకుని లె ప్లనార్, సావోయ్... లె టూర్ దగ్గర లా వోర్మేన్. వీటికి మొత్తం లోయ పాసు కొనాల్సిన పనిలేదు. చిన్న టికెట్ చాలు. అయిదుగురికీ ఖరీదైన పాసులు రాసిపెట్టుకున్న కొడుకు ఆ వరుస మొత్తం కొట్టేశాడు.

అసలు చిక్కు ఎర్ర అక్షరాల గడితో వచ్చింది. వాలీ బ్లాంష్ చదును చేసిన వాలు కాదు. దారి చూపే గుర్తులుండవు, పహరా ఉండదు. మంచు పొర కింద ఎక్కడ పగులు నోరు తెరుచుకుని ఉందో కంటికి కనిపించదు. కేబుల్ కారు దిగగానే సన్నటి మంచు గట్టు మీదుగా తాడు కట్టుకుని నడవాలి. ఆ పైన మంచుచరియలు. 1999 ఫిబ్రవరి 9న ఇదే లోయలోని మోన్‌రోక్ అనే చోట చరియలు ఇళ్ల మీదికే వచ్చిపడి 12 మంది చనిపోయారు. అందుకే వాలీ బ్లాంష్‌కు గైడు లేకుండా వెళ్లొద్దంటారు. గైడుల సంఘం 1821లోనే పుట్టిన ఊరది. గైడు ఉన్నా సరే, ఏ రకం మంచు మీదైనా నిలదొక్కుకోగల నేర్పు ఉండాల్సిందే.

‘నాలుగు రోజులు నేర్చుకుంటే రాదా?’ అన్నాడు కొడుకు.

‘మీకు కారు నేర్చుకోవడానికే మూడు నెలలు పట్టింది’ అంది భార్య. అయినా ఆ గడి చెరపడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

రేడియోలో విన్న పేరు

ఆ రాత్రి తండ్రి షీటు ముందు కూర్చున్నారు. డెబ్భై ఆరేళ్ల ఆయన గుంటూరులో ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ‘ఒరేయ్, ఇరవై నాలుగో తారీఖున మనం అక్కడే ఉంటామా?’ అనడిగారు. ఉంటామన్నాడు కొడుకు.

‘మాంట్ బ్లాంక్ పేరు నేను మొదటిసారి విన్నది రేడియోలో. అప్పుడు పీయూసీ చదువుతున్నా.’

1966 జనవరి 24. బొంబాయి నుంచి లండన్ వెళ్తున్న ఎయిరిండియా బోయింగ్ 707 ‘కాంచనజంగ’ జెనీవాలో దిగబోతూ మాంట్ బ్లాంక్‌ను ఢీకొంది. 117 మంది... ఒక్కరూ మిగల్లేదు. వాళ్లలో హోమీ భాభా ఉన్నారు. మన అణుశక్తి కార్యక్రమానికి పునాది వేసిన శాస్త్రవేత్త. అప్పటికి లాల్‌బహదూర్ శాస్త్రి పోయి రెండు వారాలు కూడా కాలేదు. ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేసిన రోజూ అదే. ‘భాభా గురించి చదివే నేను ఫిజిక్స్ తీసుకున్నాను. ఆ రోజు హాస్టల్లో ఎవరం అన్నం తినలేదు’ అన్నారాయన. కొడుకు అంతవరకూ ఆ సంగతి వినలేదు. నలభై నాలుగేళ్లలో ఒక్కసారీ!

ఆ తరువాత ఇద్దరూ కలిసి వెతికారు. అదే కొండ మీద 1950 నవంబరు 3న కూడా ఎయిరిండియా విమానం ఒకటి కూలింది. ‘మలబార్ ప్రిన్సెస్’. 48 మంది పోయారు. మాంట్ బ్లాంక్ నుంచి లోయలోకి దిగే బొసాన్ హిమానీనదం నెమ్మదిగా జారుతూ ఆ విమానాల ఆనవాళ్లను ఏళ్ల తరబడి కిందికి మోసుకొస్తోంది. 2012లో మన విదేశాంగ శాఖ టపా సంచి ఒకటి దొరికింది. 2013లో ఒక యువ పర్వతారోహకుడికి మంచులో రత్నాల పెట్టె దొరికితే తీసుకెళ్లి పోలీసులకు అప్పగించాడు. 2021లో ఆ రత్నాలను అతనికీ, షామోనీ పురపాలక సంస్థకూ చెరి సగం పంచారు. 2020లో బయటపడినవి మన దినపత్రికలు. దేశానికి తొలి మహిళా ప్రధాని అన్న వార్తతో, ఇంకా చదవడానికి వీలుగా!

‘ప్రమాదం ఎలా జరిగింది నాన్నా?’

కొండను అప్పటికే దాటేశామని పైలట్ పొరబడ్డాడని ఫ్రెంచి దర్యాప్తు తేల్చింది. ఆ మాట చెప్పి ఆయన ఆగారు. తరువాత నెమ్మదిగా అన్నారు. ‘దాటేశాం అనుకోవడం దగ్గరే వస్తుందిరా చిక్కంతా.’

ఎర్ర గడి గురించి ఆయన ఒక్క మాటా ఎత్తలేదు. పొద్దున్న లేచి చూస్తే ఆ గడిలో అక్షరాలు లేవు.

రెండో షీటు

కొత్త పథకంలో సరదా తగ్గలేదు, హడావుడి తగ్గింది. కొడుకూ కోడలూ పాపా మొదటి మూడు రోజులు లె ప్లనార్‌లో పాఠాలు నేర్చుకుంటారు. పిల్లల తరగతి వేరు. నాలుగో రోజు ఎవరికీ ఏమీ లేదు. ఒళ్లు నొప్పులకో, మబ్బుకో, గాలికో వదిలేసిన రోజది. ఎగ్వీ దు మిది కేబుల్ కారు గాలి ఎక్కువైతే ఆగిపోతుంది. అందుకే దాని టికెట్ ఫలానా రోజుకని ముందే కొనకుండా, వాతావరణం చూసుకుని కొడుకూ కోడలూ మాత్రం వెళ్లొస్తారు. పైన గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతుకు పైగా తక్కువ. పెద్దాయనకు బీపీ ఉంది. అంత ఎత్తు వద్దని డాక్టరు చెప్పేశారు. ఆయనకీ ఆమెకీ మోంటన్వేర్ రైలు. పళ్లచక్రాల మీద 1,913 మీటర్ల దాకా ఎక్కే ఎర్ర రైలది. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, మేర్ ద గ్లాస్ హిమానీనదం అంచుకు తీసుకెళ్తుంది. ఒకప్పుడు స్టేషన్‌కు కాస్త కిందే ఉండే మంచు ఇప్పుడు చాలా లోతుకు కుంగిపోయింది. ఏ ఏడాదికి ఎంత తగ్గిందో దారి పొడవునా పలకల మీద రాసిపెట్టారు.

వీసా పని కోడలు తీసుకుంది. దిగేది స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో. అక్కడి నుంచి షామోనీకి 90 కిలోమీటర్లు కూడా ఉండదు, బస్సులో గంటన్నర. అయినా ఎక్కువ రోజులు ఉండేది ఫ్రాన్స్‌లో కాబట్టి దరఖాస్తు ఫ్రాన్స్‌కే చేయాలి. రెండు దేశాలూ షెంజెన్‌లోనివే. ఒక్క వీసా సరిపోతుంది. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ బీమా పత్రంలో ఆమె ఇంకో వాక్యం కోసం వెతికింది. స్కీయింగ్‌లో దెబ్బ తగిలితే వర్తిస్తుందా అని. ఫ్రాన్స్‌లో వాలు మీద పడ్డవాళ్లను కిందికి చేర్చినా బిల్లు చేతికిస్తారు మరి!

పెద్దావిడకు వంటిల్లు అప్పగించారు. హోటల్ వద్దు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ కావాలన్నది ఆవిడ షరతు. ఆ ప్రాంతం వంటలంటే చీజ్, బంగాళాదుంప, పంది మాంసం. ఒకటి రెండు పూటలు సరదాకి సరే, వారమంతా కష్టం. బియ్యం అక్కడే దొరుకుతాయి. కందిపొడి, ఆవకాయ సంచిలోకి చేరాయి. నెయ్యి సీసా, పాలకోవా, కరివేపాకు బయటే ఆగిపోయాయి. పాలతో చేసినవీ పచ్చి ఆకులూ అక్కడి కస్టమ్స్ వాళ్లు రానివ్వరు. ‘నెయ్యి లేకుండా కందిపొడా?’ అని ఆవిడ రెండు రోజులు చిన్నబుచ్చుకుంది. స్కీలు, బూట్లు, హెల్మెట్లు అద్దెకు దొరుకుతాయి కాబట్టి కొన్నవి లోపల వేసుకునే థర్మల్స్, చేతి తొడుగులు, కళ్లద్దాలు మాత్రమే. మంచు మీద ఎండ మెరుపు కళ్లకు చేటు.

షీటు ఇప్పుడు పూర్తయింది. ఒక్క గడి తప్ప. జనవరి 24 ఎదురుగా ఏమీ రాయలేదు. స్కీయింగ్ లేదు, రైలు లేదు. బొసాన్ హిమానీనదాన్ని చూడ్డానికి కొండెక్కక్కర్లేదు. లోయలో నిలబడి తలెత్తితే చాలు, తెల్లగా జారిన నాలుకలా కనిపిస్తుంది. ఆ రోజు అందరూ కలిసి అంతవరకు నడుస్తారు.

‘అక్కడికెళ్లి ఏం చేస్తావు తాతయ్యా?’ అనడిగింది మనవరాలు.

‘చూస్తానమ్మా’ అన్నారాయన.

వాలీ బ్లాంష్ మాటేమిటంటారా? కొడుకు ఇంకా వదులుకోలేదు. షీటు అడుగున చిన్న అక్షరాలతో రాసుకున్నాడు... ‘ఇంకో మూడు నాలుగు శీతాకాలాల తరువాత’ అని.