అవధానము లేనివాని యజమాయిషీ

పరాకు అను మాట మన భాషలో చిత్రమైనది. కొలువుకూటమున వందిమాగధులు 'బహుపరాక్' అని కేక వేసినచో జాగరూకులై యుండుడని యర్థము. ఆ మాటనే బడిపిల్లవానికి తగిలించినచో వానికి జాగ్రత్త లేదని యర్థము. ఈ రెండవ యర్థమున దానిని నేను ఎనిమిదవయేటనుండి మోయుచున్నాను. ఇప్పుడు నాకు నలువదియాఱేండ్లు. పదునలుగురు ఉపాధ్యాయులున్న యొక యున్నతపాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను.

నాది బుద్ధిపూర్వకమైన యశ్రద్ధ కాదనియు, బాల్యమునుండి యున్న మెదడు తీరే యట్టిదనియు మూడేండ్ల క్రిందట మానసిక వైద్యులొకరు నిర్ణయించిరి. దీనిని ఏడీహెచ్‌డీ యందురు. ఇట్టి మెదడు తీరులను కలిపి నేడు నాడీవైవిధ్యమనుచున్నారు. ఆ పేరు నాకంతగా రుచింపలేదు గాని, పూర్వపు పేర్లకంటె మేలు. 1902లో జార్జి స్టిల్ అను వైద్యుడు లండనులో ఉపన్యాసములిచ్చుచు, తెలివి చక్కగా నుండియు నిలుకడలేని పిల్లలను వర్ణించి, వారిది నీతినిగ్రహమునందలి లోపమనెను. వైద్యుడే నీతితో ముడిపెట్టినపుడు బడిపంతులు బెత్తము పట్టుటలో వింత యేమి? పెద్దయైనచో అదియే పోవునని చిరకాలము తలచిరి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘమువారు తమ నిర్ణయగ్రంథపు అయిదవ కూర్పున పదునేడేండ్లు దాటినవారికి వేఱుగా కొలత యేర్పఱచిరి.

ఉదయము తొమ్మిదిన్నరకు నా బల్లయెదుట నేమి జరుగునో చెప్పెదను. మధ్యాహ్నభోజనమునకు కోడిగ్రుడ్లు తక్కువ వచ్చినవని వంటయామె చెప్పుచుండును. ఇద్దఱుపాధ్యాయులు సెలవు పెట్టిరి. ఏడవ తరగతికి పోవువారు లేరు. పదిగంటలలోపల లెక్క పంపవలెనని సెల్లుఫోనులో సందేశము. గుమ్మమున టీసీకై వచ్చిన యొక తండ్రి. ఒక్కొక్కటి చిన్నపనియే. ఇతరులకు ఇవి వరుసలో నిలుచును. నాకు నాలుగును ఒకే మాఱు, ఒకే స్వరమున మ్రోగును. అపుడు కలుగునది విసుగు కాదు, భయమును కాదు. చెవులు వినుచునే యుండును, అర్థము మాత్రము లోనికి రాదు. కలము చేతిలోనే యుండును, సంతకము చేయవలసిన చోటు కనబడదు.

అవధానులను జూచి నేర్చుకొనరాదా యని మా బంధువులనుచుందురు. చూచితిని. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఒక్కుమ్మడి మీద పడరు. వరుసతో నడుగుదురు, సమస్యకును దత్తపదికిని అవధాని యావృత్తి కొక్క పాదము చొప్పుననే చెప్పును. నడుమ నడ్డుతగులుటకు అప్రస్తుతప్రసంగి యొక్కడే. మా కార్యాలయమున నందఱును అప్రస్తుతప్రసంగులే! తుదకు అవధాని పద్యములనన్నిటిని ధారణచేసి యప్పజెప్పును. నాకు లేనిది ఆ ధారణయే. చేతిలోని పని ముగియువఱకు దానిని మనసులో పట్టియుంచు శక్తి మా వంటివారికి తక్కువ.

కావున ధారణను గోడకప్పగించితిని. నా గది తలుపుప్రక్కన నొక నల్లబల్ల కలదు. ఎవరికేమి కావలెనన్నను దానిపై వ్రాయవలెను. పిల్లలకు దెబ్బ తగిలినపుడు తప్ప నోటిమాట లేదు. పది మొదలు పదింబావు వఱకు తలుపు మూసికొని, వ్రాసినవానిని ఒక్కొక్కటిగ ముగించి తుడిచివేయుదును. ఆ సమయమున ఫోను ఒక సీనియరు ఉపాధ్యాయిని బల్లపై నుండును. ఆమెయే మా సంచాలకురాలు. మందును కొంత మేలు చేసినది. ఆ సంగతి వైద్యుల పాలు.

ఇది జబ్బా, సాకా యని మా తెలుగు పండితులు నిండు సమావేశమున నడిగిరి. సమంజసమైన ప్రశ్నయే. "అయ్యా, సాకు చెప్పువాడు పని తప్పించుకొనును గదా. ఈ బల్ల పెట్టిన తరువాత తమ ఇంక్రిమెంటు కాగితమెన్నడైన నిలిచినదా?" యంటిని. ఆయన నవ్వలేదు. మఱునాడు బల్లమీద ఆయన దస్తూరితో మూడు పంక్తులుండెను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొని, ఆటిజమునకును అభ్యసన వైకల్యములకును చోటిచ్చినది. అట్టి యుద్యోగులకు ప్రభుత్వ కార్యాలయములు తగిన వెసులుబాటు కల్పింపవలెనని విధించినది. ఏడీహెచ్‌డీ పేరు ఆ జాబితాలో లేదు. నేను ప్రధానోపాధ్యాయుడను గనుక నల్లబల్లను నా యధికారముననే పెట్టుకొంటిని. మా గుమాస్తాకే యిట్టి స్వభావమున్నచో అతడెవరి గదికి తలుపు మూయగలడు?

ఇదియు జెప్పవలెను. నాలుగు పనులు ఒక్క గడియలో వచ్చిపడుట నా మెదడు చేసినది కాదు. మిక్కిలి నిలుకడగల ప్రధానోపాధ్యాయులును రాత్రులు మేలుకొని లెక్కలు నింపుచున్నారు. నా స్వభావమునకు పేరు దొరకినదని, ఆ బరువునకు కారణము నా నరములలో వెదకుట న్యాయము గాదు.

ఆ సమావేశము ముగిసిన పిదప సైన్సు ఉపాధ్యాయిని యొకతె నిలిచిపోయెను. "మాష్టారూ, మావాడు మూడవ తరగతి. బడినుండి దినమును డైరీలో ఫిర్యాదే. డాక్టరుకు చూపించినచో పిచ్చివాడని పేరుపడునని మా యత్తగారు వలదనుచున్నారు" అనెను. వైద్యుని చిరునామా వ్రాసి యిచ్చితిని. రెండు నెలలైనది, ఇంకను పోలేదు. అత్తగారితో నేనే మాటలాడెదనమ్మా యని చెప్పితిని. వచ్చు ఆదివారము రమ్మన్నారు.