నడుంలోతు సముద్రం

విజయవాడకు పోయే బస్సులన్నీ ఆమె ఊరి మీదుగానే పోతాయి. రాజమండ్రి బస్సు, కాకినాడ బస్సు, వైజాగ్ బస్సు... రాత్రి తొమ్మిది దాటిందంటే చాలు, పెద్ద అంబర్‌పేట్ రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి. పెళ్లయి అదే ఊళ్లో అత్తారింటికి వెళ్లిన ఆమె, ఆ బస్సుల బోర్డులు చదువుతూనే పిల్లల్ని పెంచింది. ఔటర్ రింగ్‌రోడ్డు వచ్చింది. జొన్న చేలు ప్లాట్లయ్యాయి. ఊరి బావులు పూడిపోయాయి. సముద్రానికి పోయే దారి పక్కనే పుట్టి పెరిగిన మనిషి యాభై ఏళ్లు దాటినా సముద్రం చూడలేదంటే ఎవరైనా నవ్వుతారు. ఆమె మాత్రం నవ్వేది కాదు. చూడాలని అనుకోలేదు, అంతే.

కూతురికి కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. ‘ఒక్కసారి రా అమ్మా’ అని మూడేళ్లుగా పోరు. మనవడికి ఎనిమిదేళ్లు నిండాయి. చివరికి ఒక సంక్రాంతి వెళ్లాక, భార్యాభర్తలిద్దరూ కాకినాడ బస్సెక్కారు. దాదాపు 500 కిలోమీటర్ల ప్రయాణం.

ఆదివారం పొద్దున్నే కూతురు అసలు సంగతి బయటపెట్టింది. హోప్ ఐలాండ్‌కు పడవ ప్రయాణం! అక్కడ కాసేపు నీళ్లలో దిగి ఆడుకోవచ్చు కూడా.

‘‘నేను రాను. పిలగాణ్ని కూడా తోలకపోవద్దు’’ అంది ఆమె.

ఆ మాట ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. చిన్నప్పుడు కూతురు ఊరి చెరువు గట్టు ఎక్కినా దెబ్బలు పడేవి. స్కూలు వాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్తామంటే ఆ రోజు జ్వరమని చీటీ రాసి పంపింది. ఎందుకని అడిగితే ‘గండం ఉంది’ అనేది. జాతకంలో గండం ఎవరికో ఎవరూ అడగలేదు.

పడవ కదిలింది

అల్లుడు నచ్చజెప్పాడు. మనవడు ఏడ్చాడు. మొత్తానికి ఆమె పడవెక్కింది. ఎక్కగానే పడవ నడిపే పెద్దాయన అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. ఒక కుర్రాడు ఉక్కగా ఉందని విప్పబోతే ఒప్పుకోలేదు. ‘‘తొడుక్కున్నాకే ఇంజను తీస్తానండి. బకిల్ కూడా పెట్టుకోవాలండి’’ అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆయన పట్టుదలకు కారణం ఉంది. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణా, గోదావరి కలిసే పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. అది జరిగింది కూడా ఇబ్రహీంపట్నం దగ్గరే. రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం కాదు, కృష్ణా ఒడ్డున అదే పేరుతో ఉన్న ఇంకో ఊరు. ఆ రోజు టీవీలో పేరు విని పెద్ద అంబర్‌పేట్‌లో కూడా గుండెలు గుభేలుమన్నాయి. రెండేళ్లు తిరక్కుండానే, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలకు వెళ్తున్న పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. ఎన్నో కుటుంబాల్లో దీపాలారిపోయాయి. ‘పడవ’ అన్న మాట వినగానే ఆమె వద్దనడంలో వింతేమీ లేదు మరి.

కాకినాడ తీరం వెనక్కి జరిగింది. దూరంగా ఓడలు. ఇంకోవైపు కోరింగ మడ అడవుల పచ్చటి గీత. మడ చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయని కూతురు కొడుక్కి చెబుతోంది. ‘‘వేళ్లకు ముక్కులుంటాయా?’’ అని వాడి సందేహం.

సముద్రమంటే విరుచుకుపడే అలలేనని ఆమె అనుకుంది. ఇక్కడేమో నీళ్లు చెరువులా ఉన్నాయి. ఆ మాటే అంటే పడవ పెద్దాయన నవ్వాడు. ‘‘ఆయ్, ఆ దీవి అడ్డం ఉంది కదండీ! తుపానొచ్చినా ముందు దెబ్బ అదే కాస్తుందండి.’’

నిజమే. హోప్ ఐలాండ్ రాళ్ల దీవి కాదు, ఇసుక దిబ్బ. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్ర ప్రవాహాలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా, సుమారు రెండు వందల ఏళ్లలో తయారైంది. పొడవు 16 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తలకప్ప తోకలా సాగి, కాకినాడ అఖాతానికి గోడలా నిలబడింది. లోపలివైపు ఓడలు ప్రశాంతంగా లంగరేస్తాయి. బయటివైపు బంగాళాఖాతం హోరు. చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుకలోకే వచ్చి గుడ్లు పెడతాయి.

ఆ మధ్యాహ్నం

పడవ అఖాతం వైపు ఆగింది. ‘‘ఇక్కడ నడుంలోతేనండి. అటు సముద్రం వైపు మాత్రం దిగొద్దు, లాగేస్తుంది’’ అని హెచ్చరించాడు పెద్దాయన. మనవడు గెంతబోయాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే, వాడి చేతి మీద గోళ్లు దిగాయి. వాడు బిత్తరపోయి ఏడుపు లంకించుకున్నాడు.

కూతురు మెల్లగా ఆ చెయ్యి విడిపించింది. ‘‘అమ్మా, నన్ను కూడా ఇట్లనే పట్టుకున్నవ్. ముప్పై దాటినా నాకు ఈత రాదు. రేపు వీడు నాకు చెప్పకుండ, దోస్తులతోని యాడికన్న పోతే ఏం జేద్దాం?’’

‘చెప్పకుండ’ అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఇసుకలో కూలబడింది. అప్పుడు చెప్పింది, ముప్పై ఏళ్లకు పైగా కట్టుకున్న భర్తకు కూడా చెప్పని సంగతి.

1986 ఎండాకాలం. ఆమెకు పదిహేడు, తమ్ముడికి పద్నాలుగు. వాడికి ఈత కొద్దిగా వచ్చు. నాన్న నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి బావిలో నేర్పాడు. ఆ ఏడు బావిలో నీళ్లు అడుగంటాయి. పిల్లల కళ్లు రాళ్లు కొట్టిన క్వారీ గుంత మీద పడ్డాయి. మధ్యాహ్నం వాడు కొత్త అంగీ విప్పి ఆమె చేతికిచ్చాడు. ‘‘అమ్మకు చెప్పకక్కా, గంటల వస్త’’ అన్నాడు. ఆమె అంగీ మడతపెట్టి దాచింది. అమ్మ అడిగితే ‘ఆడుకోను పోయిండు’ అంది. చీకటి పడ్డాక గానీ నోరు విప్పలేదు.

బావికి మెట్లుంటాయి, పట్టుకోవడానికి రాళ్ల సందులుంటాయి. క్వారీ గుంతకు వాలు ఉండదు. ఒక్క అడుగు తప్పితే నిలువు లోతు. నీళ్లు తగిలిన బండ పాచిపట్టి జారుతుంది. బావిలో వచ్చిన ఈత అక్కడ పనికిరాలేదు.

‘‘గంట ముందు చెప్పినా బతుకునేమో’’ అంది ఆమె. భర్త ఏమీ అనలేదు. దగ్గరగా వచ్చి కూర్చున్నాడు. ఆమె మొగుడూపిల్లల్ని నీళ్లకు దూరంగా పెట్టింది గండానికి భయపడి కాదని అప్పుడర్థమైంది అందరికీ.

కాసేపటికి ఆమే లేచింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపింది. జాకెట్ బకిల్ తడిమి చూసుకుంది. మనవడి చెయ్యి ఒక పక్క, కూతురి చెయ్యి ఒక పక్క. చీలమండలు, మోకాళ్లు, నడుము. ‘‘కాళ్లు వదిలెయ్ అమ్మమ్మా, జాకెట్ తేలుస్తది!’’ అన్నాడు వాడు. వదిలింది. తేలింది. చెవుల్లోకి ఉప్పునీళ్లు పోయాయి. పైన ఆకాశం తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఏడ్చిందో నవ్విందో పక్కవాళ్లకు తెలియలేదు. ముఖమంతా నీళ్లేగా!

ఎండాకాలం సెలవులు

మన దేశంలో 2019 నుంచి 2022 దాకా ఏటా 30 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోయారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. బడి ఈడు పిల్లలకు ఈత, నీళ్లలో జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. మన ఇళ్లలో జరిగేదేమిటి? ‘నీళ్ల దగ్గరికి పోతే కాళ్లిరగ్గొడతా’ అంటాం. పిల్లలు నీళ్లకు భయపడరు, మనకు భయపడతారు. అందుకే చెప్పకుండా పోతారు.

ఆ ఎండాకాలం మనవడు పెద్ద అంబర్‌పేట్ వచ్చాడు. రెండో రోజే ఆమె వాణ్ని ఆటోలో ఈత కొలనుకు తీసుకెళ్లి చేర్పించింది. రోజూ పొద్దున గంటసేపు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో తువ్వాలు పెట్టుకుని ఆమె. కన్నార్పదు. కోచ్ మొదటి వారమంతా ఊపిరి బిగబట్టడం, తేలడం, గట్టు పట్టుకోవడం నేర్పాడు. మూడో వారానికి వాడు అడ్డంగా ఈదేశాడు.

ఆ రోజే వాడికి లోతు వైపు వెళ్లాలని బుద్ధి పుట్టింది. కోచ్ అటు తిరిగి ఉన్నాడు. వాడు గట్టు పట్టుకుని ఆమె దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు.

‘‘అమ్మమ్మా, ఒక్కసారి అటు పోయొస్త. అమ్మకు చెప్పకు.’’

ఆమె చేతిలో తువ్వాలు ఆగింది. తర్వాత కుర్చీలోంచి లేచింది.

‘‘అమ్మకే కాదు, మీ సార్‌కు కూడ చెప్త. సార్ ఎంబడి వస్తడు, అప్పుడు పో’’ అంది. కొలను అంతా వినిపించేంత గట్టిగా కోచ్‌ను పిలిచింది.