ఇంటిగుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నారు పెద్దలు. ఆ రోజుల్లో లంక గుట్టు బయటపడాలంటే రావణుడి సొంత తమ్ముడే ఇల్లు విడిచి సముద్రం దాటి రావలసి వచ్చింది. ఇప్పుడంత శ్రమ లేదు. జేబులో ఫోను ఉంటే చాలు. మనం నిద్రపోతున్నా అది మన గుట్టు ఎవరికో చేరవేస్తూనే ఉంటుంది.

మా నాన్నగారికి మా ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు ఉంది. ఊరందరి అప్పులూ ఆయన పద్దు పుస్తకంలో ఉంటాయి. ఎవరింట్లో నెలాఖరుకి బియ్యం నిండుకుంటాయో, ఎవరింటికి చుట్టాలు దిగారో, చుట్టలు మానేశానని ఇంట్లో చెప్పి చాటుగా ఎవరు కొంటారో ఆయనకు తెలుసు. నేడు పెద్దపెద్ద కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి కంప్యూటర్లతో సేకరిస్తున్న సమాచారం ఇలాంటిదే గదా! మా నాన్నగారు చెవిమీద పెన్సిలుతో ఆ పని ఎప్పుడో చేశారు.

అయితే ఒక్క తేడా ఉంది. ఎవరైనా వచ్చి తమ లెక్క చూపించమంటే, పక్కవాడి పద్దు కనబడకుండా దానిమీద అట్టముక్క పెట్టి మరీ చూపిస్తారు. చిన్నప్పుడు "ఎందుకు నాన్నా?" అని అడిగితే, "వాడి అప్పు వీడికెందుకురా? మనకి చెప్పింది సరుకు కోసం, ఊరికి చాటడానికి కాదు" అన్నారు. ఈ విషయం గూర్చి తర్వాత నేను చదివిన వ్యాసాలన్నిటి సారం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇక పట్నం సంగతి చూడండి. షాపులో ఒక్క బనీను కొన్నా "ఫోన్ నంబరు చెప్పండి సార్!" బనీనుకీ నంబరుకీ ఏమిటి సంబంధమంటే, "నంబరు కొట్టకపోతే బిల్లు రాదండీ" అంటాడు కౌంటర్లో కుర్రాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు; వాడిదీ మనలాంటి బతుకే. నంబరు ఇవ్వలేదని సరుకు అమ్మకపోవడం తగని వ్యాపార పద్ధతి అని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఆ కౌంటరు దాకా చేరినట్టు లేదు!

ఇంతవరకు చికాకు మాత్రమే. అసలు బాధ వేరే ఉంది. మా హాస్టల్లో ఒక మిత్రుడు పరీక్ష ఫీజు కోసం ఫోనులో ఏదో అప్పుల యాప్ నుంచి నాలుగు వేలు తీసుకున్నాడు. అడిగినదానికల్లా "సరే" అని నొక్కితేగాని డబ్బు రాదు. వాయిదా ఒక వారం దాటింది. ఒకనాటి రాత్రి నాకు ఫోను. ముక్కూ మొహం తెలియనివాడు మా మిత్రుడి పేరు చెప్పి, "వాడు దొంగ. నువ్వు జామీను ఉన్నావు, నువ్వు కట్టు" అన్నాడు. నేనే జామీనూ ఉండలేదు. నా నంబరు వాడి ఫోనులో ఉంది, అంతే! ఆ రాత్రే వాడి మేనమామకీ, చదువు చెప్పిన మాస్టారికీ, అక్కగారికి కుదిరిన సంబంధం వాళ్ళకీ అవే ఫోనులు వెళ్ళాయి. మర్నాడు మేమంతా తలాకొంత వేసుకుని బాకీ కట్టేశాం. కాని పెళ్ళివారింటికి చేరిన మాటను ఏ చందాలతో వెనక్కి తెస్తాం? నెలరోజులు మావాడు మెస్సుకే రాలేదు. అన్నం గదికే తీసుకెళ్ళేవాళ్ళం.

మా ఆందోళన వట్టిది కాదు. ఇలాంటి యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకోగా, 2020 డిసెంబరులో పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేశారు. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితా, కాల్ వివరాలు, ఫోటోలు ముట్టుకోరాదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

న్యాయస్థానాల చరిత్రలో తెలుగువారు గర్వించదగ్గ ఘట్టం ఒకటుంది. 1962లో ఖరక్ సింగ్ కేసులో, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని సుప్రీంకోర్టులో ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. అది వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాసినవారు మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆయన మాట నెగ్గడానికి యాభై అయిదేళ్ళు పట్టింది!

మన రాష్ట్రం నుంచే వెళ్ళిన కెనరా బ్యాంకు కేసు మరొకటి. స్టాంపుల చట్టానికి చేసిన సవరణ ప్రకారం అధికారులు బ్యాంకులో ఖాతాదారుల కాగితాలు తనిఖీ చేయవచ్చునన్నారు. 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. బ్యాంకు చేతికి ఇచ్చినంతమాత్రాన కాగితాల గోప్యత పోదన్నది. మా నాన్నగారి అట్టముక్క చెప్పిందీ అదే గదా!

2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలూ వెలువడ్డాయి. విడతలవారీగా అమలు చేస్తామన్నారు. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఇచ్చిన అనుమతిని మనం వెనక్కి తీసుకోవచ్చు, తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుంది. మంచిదే. కాని అడిగేవాడు లేకపోతే ఏ చట్టమైనా బీరువాలో పుస్తకమే.

"నా దగ్గర దాచుకోవలసిందేముందోయ్?" అనే మిత్రులు చాలామంది ఉన్నారు. మావాడి దగ్గర మాత్రం ఏముంది? నాలుగు వేల అప్పు! దాచడం కాదు ప్రశ్న. ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఎవరిదన్నదే ప్రశ్న. పైగా మీ ఫోనులో మీ గుట్టొక్కటే లేదు. మిమ్మల్ని నమ్మి నంబరిచ్చిన రెండు మూడు వందలమంది ఉన్నారు. మీరు "సరే" నొక్కితే వాళ్ళందరి తరఫునా నొక్కినట్టే.

కంపెనీలను నిలదీసేముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం. మన యూనియన్ ఆఫీసు బీరువాలో విద్యార్థుల ఫారాలు కట్టలుగా ఉన్నాయి: పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు. పని తీరిన కాగితాలు చింపెయ్యాలనీ, ఏ కోచింగ్ సెంటరువారు అడిగినా జాబితా ఇవ్వరాదనీ రాబోయే కార్యవర్గం మొదటి సమావేశంలోనే తీర్మానించాలని నా మనవి. ఆ తర్వాత బజారుకెళ్ళి "నా నంబరు మీకెందుకండీ?" అని ధైర్యంగా అడుగుదాం.