ఆ ఏడు బల్లల హోటల్లో...

హైదరాబాద్‌లో హోటల్ బోర్డులు చదువుకుంటూ వెళ్లడం ఓ సరదా. ఒకప్పుడు ‘ఉడిపి’, ‘ఆంధ్రా మీల్స్’, ‘ఇరానీ కేఫ్’... ఈ మూడు మాటలు తెలిస్తే చాలు, ఊళ్లో ఎక్కడైనా కడుపు నింపుకోవచ్చు. ఇప్పుడలా కాదు. కొరియన్ అంటారు, మెక్సికన్ అంటారు, అరేబియన్ మందీ అంటారు. వీటికి తోడు ఈ మధ్య తరచూ కనిపిస్తున్న మాట ‘మెడిటరేనియన్ ఫ్యూజన్’. పలకడానికే నోరు తిరగదు, లోపల ఏం పెడతారో ఏమిటో అని చాలామంది బయటి నుంచే వెళ్లిపోతారు.

మా ఇంటికి రెండు వీధుల అవతల అలాంటిదే ఒకటుంది. పెద్ద హోటలేం కాదు. ఏడంటే ఏడే బల్లలు. వంటింట్లో భార్యాభర్తలు, గల్లాపెట్టె దగ్గర డిగ్రీ చదివే పెద్దమ్మాయి, సెలవు రోజుల్లో మంచినీళ్లు అందించే చిన్నమ్మాయి. పనివాళ్లంటూ ఒక్కరే, అంట్లు తోమే మనిషి. మొత్తం హోటలంతా ఓ ఇంటిలా ఉంటుంది.

మధ్యధరా సముద్రం చుట్టూ ఇరవైకి పైగా దేశాలున్నాయి. గ్రీసు, ఇటలీ, స్పెయిన్, టర్కీ, లెబనాన్, ఈజిప్టు, మొరాకో... వీళ్ల తిండ్లన్నీ ఒకటి కావు. కానీ ఆలివ్ నూనె, శనగలు, పెరుగు, ఆకుకూరలు, రొట్టె, చేపలు అన్నిచోట్లా కనిపిస్తాయి. ఈ హోటల్లో వండేది ఎక్కువగా లెబనాన్ పద్ధతి. దానికి తెలంగాణ వంటిల్లు తోడైంది. ఫ్యూజన్ అంటే ఇక్కడ అంతే!

అమ్మ వచ్చింది...

మొన్న కంటి పరీక్షకని అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నాన్న పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ ఆవిడ ఒక్కతే ఉంటోంది. ఫోన్‌లో ‘ఏం తిన్నావమ్మా’ అంటే ‘ఏదో ఒకటి’ అంటుంది. ఆ ఏదో ఒకటి ఏమిటో నాకు తెలుసు. పొద్దున వండిన అన్నంలో రాత్రికి మజ్జిగ పోసుకోవడం! ఇరవైమందికి గుత్తొంకాయ వండి వడ్డించిన మనిషి. ‘నా ఒక్కదానికీ పొయ్యి దేనికే’ అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆదివారం పూట మా వాడే పట్టుబట్టాడు, ‘అమ్మమ్మను ఆ హోటల్‌కి తీసుకెళ్దాం’ అని. ఆవిడ శాకాహారి. పైగా బయటి తిండంటే సవాలక్ష సందేహాలు. ‘నేను కాఫీ తాగుతాలే, మీరు తినండి’ అన్న షరతు మీద బయల్దేరింది.

ఆ వంటల్లో మొదట వచ్చేవి ‘మెజ్జే’. అంటే చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల పచ్చళ్లు, సలాడ్లు, వేపుళ్లు. అన్నీ బల్ల మధ్యలో పెడతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు రొట్టె ముక్క తుంచి ఎవరికి కావలసింది వాళ్లు అద్దుకుని తింటారు. మావారు అలాగే ముక్క తుంచి హమ్మస్‌లో ముంచారు. నోట్లో పెట్టుకున్నారు. రెండో ముక్క తుంచి మళ్లీ అదే గిన్నెలో ముంచబోయారు. అమ్మ మొహం చూడాలి! అల్లుణ్ని ఏమీ అనలేదు. నా వైపు తిరిగి, ‘ఎంగిలి కాదుటే?’ అంది గుసగుసగా.

గుసగుస అనుకున్నది వంటింటి దాకా వినిపించినట్టుంది. ఆ ఇల్లాలు నవ్వుతూ వచ్చింది. చేతిలో చిన్న గిన్నెలు, చెంచాలు. ‘ఏం కాదమ్మా, ఎవరిది వాళ్లకే పెడ్త. మా అత్తమ్మ గూడ గిట్లనే అంటది. శాకాహారం పొయ్యి వేరే, గరిటెలు వేరే. మీరు నిమ్మళంగ తినుండ్రి’ అంది.

అమ్మ మొహమాటానికి ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగింది. ‘ఇదేమిటే, కాల్చిన వంకాయ పచ్చడేగా!’ అంది. అవును, అది బాబా గనూష్. నిప్పుల మీద వంకాయ కాల్చి, తొక్క తీసి మెదిపి, వెల్లుల్లి, నిమ్మరసం, నువ్వుల ముద్ద కలుపుతారు. మన దగ్గర చింతపండు, పచ్చిమిరపకాయ పడేచోట అక్కడ నిమ్మకాయ, నువ్వులు పడ్డాయి. పొగ వాసన మాత్రం ఒకటే.

ఆ తర్వాత వచ్చింది ఫత్తూష్ అనే సలాడ్. అందులో కరకరలాడే రొట్టె ముక్కల మధ్య ఓ ఆకు చూసి అమ్మ ఇంకా ఆశ్చర్యపోయింది. మన గంగపాయల కూర! తెలంగాణలో గంగవాయిల కూర అంటారు. పొలం గట్ల మీద మొలిచే ఆ ఆకును లెబనాన్‌లో, గ్రీసులో పచ్చిగానే సలాడ్లలో వేసుకుంటారు. ‘పప్పులో తప్ప దీన్ని ఇంకోలా తినొచ్చని డెబ్బై ఏళ్లకు తెలిసింది’ అంటూ గిన్నె ఖాళీ చేసింది. కాఫీ సంగతి మర్చిపోయింది.

ఎవరి వంట ఎవరిది?

నిజానికి ఇందులో ఆశ్చర్యపోవలసింది లేదు. వంకాయ పుట్టింది మన వైపే. దాన్ని సంస్కృతంలో ‘వాతింగణ’ అనేవారు. పర్షియన్ల నోట్లో ‘బాదింగాన్’, అరబ్బుల నోట్లో ‘బాదింజాన్’ అయింది. అరబ్బులతో పాటే స్పెయిన్ చేరింది. ఫ్రెంచివాళ్లు ‘ఓబర్జీన్’ అనే పేరుకు మూలం కూడా అదే. ఇన్ని సముద్రాలు దాటి, ఇన్ని పేర్లు మార్చుకుని ఇప్పుడు మళ్లీ మన బల్ల మీదికి వచ్చిందన్నమాట!

హమ్మస్ కథ దీనికి తలకిందులు. అరబిక్‌లో ఆ మాటకు అర్థం శనగలు, అంతే. శనగను మొదట సాగు చేసింది ఇప్పటి టర్కీ ఆగ్నేయ ప్రాంతంలో అంటారు శాస్త్రవేత్తలు. అందులో కలిపే నువ్వులు మాత్రం మన ఉపఖండంలో పుట్టినవి. అంటే వాళ్ల శనగ, మన నువ్వు కలిస్తేనే హమ్మస్. ఇక టమాటా, మిరప సంగతి సరేసరి. 1492లో కొలంబస్ వెళ్లాకే అవి అమెరికా ఖండాల నుంచి మిగతా ప్రపంచానికి వచ్చాయి. ఇటలీ ఎర్ర సాసైనా, గుంటూరు కారమైనా ఆ చుట్టాలు వచ్చాకే!

హైదరాబాద్‌కు ఇదేమీ కొత్త కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. అరబ్బుల హరీస్ ఇక్కడి మసాలాలతో కలిసి హలీమ్ అయింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

దుబాయ్ వంటింటి నుంచి

బిల్లు కట్టాక కూడా మేం వెంటనే లేవలేదు. మధ్యాహ్నం రద్దీ తగ్గింది. ఆ యజమాని వచ్చి అమ్మ పక్కన నిలబడి, ‘బాగుందా అమ్మా?’ అనడిగాడు. అలా మొదలైంది మాట.

వాళ్లది జగిత్యాల వైపు పల్లె. 2002లో అప్పు చేసి దుబాయ్ వెళ్లాడు. ఓ లెబనీస్ హోటల్లో గిన్నెలు కడగడంతో మొదలుపెట్టాడు. మూడేళ్లకు కూరగాయలు తరిగే పని. మరికొన్నేళ్లకు మెజ్జే తయారుచేసే బల్ల దగ్గరికి చేరాడు. రెండేళ్లకోసారి ఇంటికి వచ్చేవాడు. రెండు నెలలుండి వెళ్లిపోయేవాడు. రోజుకు వందల మందికి వడ్డించినా, తను తినేది రాత్రి పన్నెండు దాటాక... గదిలో మంచం అంచున కూర్చుని, ఒక్కడే.

2020లో కరోనాతో హోటల్ మూతపడింది. వందేభారత్ విమానంలో తిరిగొచ్చాడు. రెండేళ్ల తర్వాత, దాచుకున్నదీ బ్యాంకు అప్పూ కలిపి ఈ హోటల్ తెరిచాడు. మొదట్లో అచ్చంగా లెబనాన్ పద్ధతే ఉండాలని ఆయన పట్టు. ‘మనూరి నువ్వుల పొడి మీద చల్లితే ఏం పోతది?’ అని ఆమె పట్టు. ఆ పంతంలోంచే పుట్టింది ఇప్పుడు అక్కడ అందరూ అడిగే ‘సర్వపిండి మెజ్జే’. పిటా రొట్టెకు బదులు కరకరలాడే సర్వపిండి ముక్కలు, పక్కన హమ్మస్, పైన ఎండుమిర్చి పోపు. ఇంకోటి గోంగూర కలిపిన లబ్నే. అంటే గుడ్డలో మూటగట్టి నీరంతా వార్చేసిన గట్టి పెరుగు.

లాభాల మాట అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అద్దె, అప్పు వాయిదా, గ్యాసు, ఆలివ్ నూనె ధర... అన్నీ పోగా మిగిలేది దుబాయ్ జీతమంత లేదు. వచ్చే ఏడాది అద్దె పెంచుతారట. అక్కడి పాత యజమాని ఇప్పటికీ ఫోన్ చేసి రమ్మంటున్నాడట. ఒక దశలో ఆయన వెళ్లడానికి సిద్ధపడ్డాడు కూడా. ఆపింది ఆమే.

‘పైసలు తక్కువైతే ఒక కూర తక్కువ తింటం. మనిషే తక్కువైతే ఏం తినాలె?’ అంది.

గల్లాపెట్టె దగ్గర్నుంచి పెద్దమ్మాయి అందుకుంది. తనకు పదహారేళ్లు వచ్చేదాకా నాన్న ఎడమ చేత్తో రాస్తాడని తెలియదట! ఫోన్‌లో గొంతే తెలుసు. అందుకే ఆ ఇంటికి ఓ నియమం ఉంది. మధ్యాహ్నం మూడున్నరకు తలుపు దగ్గరగా వేసి, మూల బల్ల దగ్గర నలుగురూ కూర్చుని తింటారు. అప్పుడు ఎవరొచ్చినా సరే, అరగంట ఆగాల్సిందే. కాలేజీ రోజుల్లో పిల్లలు వచ్చేదాకా వాళ్ల కోసం ఆగుతారు.

లెక్కలో రాని దినుసు

మధ్యధరా తిండి ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లు చెప్పగా వినే ఉంటారు. అమెరికాకు చెందిన ఆన్సెల్ కీస్ 1958లో ఏడు దేశాల్లో మొదలుపెట్టిన అధ్యయనంలో గ్రీసుకు చెందిన క్రీట్ దీవివాళ్లలో గుండెజబ్బులు చాలా తక్కువని తేలింది. అప్పట్నుంచీ ప్రపంచమంతా ఆలివ్ నూనె వెంట పడింది. అయితే 2010లో యునెస్కో ఈ ఆహార పద్ధతిని మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు నూనెనూ గింజల్నీ మాత్రమే లెక్కపెట్టలేదు. కలిసి వండుకోవడం, కలిసి కూర్చుని తినడం ఆ సంస్కృతికి పునాది అని చెప్పింది. ఆ మాట కోసం యునెస్కో దాకా వెళ్లక్కర్లేదు. మూడున్నరకు ఆ మూల బల్ల చూస్తే చాలు.

అమ్మ ఆ రోజు వాళ్ల వంటింట్లోకి కూడా వెళ్లొచ్చింది. నువ్వుల ముద్ద ఎలా చేయాలో అడిగి తెలుసుకుంది. మీకూ ఉపయోగపడుతుంది, రాసుకోండి. తెల్ల నువ్వుల్ని మాడకుండా సన్నసెగ మీద దోరగా వేయించాలి. చల్లారాక మిక్సీలో వేసి, కొంచెం నూనె పోస్తూ జారుగా అయ్యేదాకా తిప్పాలి. కాల్చి మెదిపిన వంకాయకు రెండు చెంచాల ముద్ద, ఒక వెల్లుల్లి రెబ్బ, సగం నిమ్మచెక్క, తగినంత ఉప్పు. అంతే. ఆలివ్ నూనె లేకపోతే నువ్వుల నూనె. జొన్నరొట్టెలోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

తెనాలి వెళ్లిన నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది. రెండు పెద్ద వంకాయలు తెప్పించి కాల్చిందట. ‘ఒక్కదాన్నీ రెండు ఏం తింటాను?’ అని ఎదురింటి పిన్నిగారిని కూడా భోజనానికి పిలిచిందట. ఎవరి గిన్నె వాళ్లదేననుకోండి. నువ్వులు కాస్త ఎక్కువ పడ్డాయట. గురువారం మళ్లీ చేస్తుందట, ఈసారి తగ్గించి.