కుర్సురా కడుపులో ఒక సాయంత్రం



విశాఖపట్నం రామకృష్ణా బీచికి వెళ్లిన ప్రతివారికీ ఇసుక అంచున నిలిచిన నల్లని జలాంతర్గామి కనబడుతుంది. దాని పేరు ఐ.ఎన్.ఎస్. కుర్సురా. 2002 ఆగస్టులో అది ప్రదర్శనశాల అయినది. మేము ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాము గాని లోపల అడుగు పెట్టలేదు. చివరికి మా ఆదివార బడి పిల్లలే పట్టుబట్టి మమ్మును తీసుకొని వెళ్లారు.

ఒక శనివారం మధ్యాహ్నం భోజనాలైన తరువాత 18 మంది పిల్లలతో గోపాలపట్నంలో సిటీ బస్సు ఎక్కాము. ఇద్దరు ఉపాధ్యాయినులు, మనుమడిని ఒంటరిగా పంపడం ఇష్టం లేని ఒక మామ్మగారు కూడా బయలుదేరారు. ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు, కంచరపాలెం, జగదాంబ దాటి బీచిరోడ్డు చేరేసరికి సాయంత్రానికని కట్టించిన పులిహోర పొట్లాలు సగం ఖాళీ అయ్యాయి.

టిక్కెట్లు తీసుకొని మెట్ల దగ్గరకు వచ్చాక మామ్మగారు ఆగిపోయారు. "నేను ఇక్కడే కూర్చుంటాను బాబూ. దానికి కిటికీ ఒక్కటీ లేదు. లోపల గాలి ఆడదు" అన్నారు. ఆమె మందిరంలో కూడా ఎప్పుడూ తలుపు ప్రక్కనే కూర్చుంటారు. ఎందుకో మాకు తెలుసు గనుక బలవంతపెట్టలేదు. మనుమడే ఆమె చేయి పట్టుకొని, "నేను ముందు నడుస్తాను, నువ్వు నా వెనక రా" అన్నాడు. ఆమె లేచారు.

లోపల మమ్మును నడిపించినవారు నౌకాదళంలో పనిచేసి విరమించిన ఒక పెద్దమనిషి. ఈ నౌక సోవియట్ రష్యావారు కట్టినదనీ, 1969 డిసెంబరు 18న, నేడు లాట్వియా దేశంలో ఉన్న రీగా రేవులో మన నౌకాదళంలో చేరినదనీ ఆయన చెప్పారు. దీని పొడవు 91 మీటర్లు. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో కాపలా తిరిగింది. 31 సంవత్సరాలలో 73,500 సముద్రపు మైళ్లు ప్రయాణించి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకొంది. ఇది కల్వరి తరగతి నౌక అనగానే మా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు. ఆయన నవ్వి, "మీరనుకొనే కల్వరి కాదు. మలయాళంలో అది ఒక సొరచేప పేరు" అన్నారు. మేమూ నవ్వుకొన్నాము.

మొదటి గదిలో టార్పెడోలను వదిలే గొట్టాలు ఆరు. వెనుక చివర మరి నాలుగు. మొత్తం 22 టార్పెడోలు మోయగలదట. వాటి ప్రక్కనే నావికుల పడకలు! గది నుండి గదికి పోవడానికి గుండ్రని ద్వారాలు. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తరువాత రెండవ కాలు తీసుకోవాలి. పిల్లలు చేపపిల్లల్లా దూరిపోయారు. మాకు మాత్రం రెండుసార్లు తలకు తగిలింది. యోనా కథ చెప్పేటప్పుడు మేము చేప కడుపును చాలా విశాలంగా ఊహించుకొన్నామని అప్పుడు తెలిసింది.

ఇంత ఇరుకులో 75 మంది ఉండేవారు. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి. స్నానం మాట తలవకూడదు. వంటగది మన ఇళ్లలోని బట్టల బీరువా కంటె కొంచెమే పెద్దది. అందరికీ అన్నం అక్కడే ఉడకాలి.

"మరి గాలి?" అని ఒక పిల్ల అడిగింది.

ఆయన ఆగి, విడమరచి చెప్పారు. నీటి క్రింద ఉన్నప్పుడు డీజిలు ఇంజన్లు నడవవు, వాటికి గాలి కావాలి. అప్పుడు బ్యాటరీలతో మోటార్లు తిరుగుతాయి. బ్యాటరీలు అయిపోవచ్చినప్పుడు నౌక దాదాపు నీటి పైవరకు వచ్చి, ఒక గొట్టాన్ని మాత్రం పైకెత్తి గాలి పీలుస్తుంది. అప్పుడు ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకొంటారు. ఆ సమయంలో బ్యాటరీల నుండి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది ఎక్కువైతే ఒక్క నిప్పురవ్వ చాలు, నౌక పేలిపోతుంది. గనుక దానిని ఎప్పటికప్పుడు కొలుస్తూ బయటికి పంపాలి. నీటి అడుగున ఎక్కువసేపు ఉండవలసివస్తే, మనం విడిచిన చెడుగాలిని పీల్చుకొని ప్రాణవాయువునిచ్చే రసాయనాలు వాడతారు.

అంతవరకు మాట్లాడని మామ్మగారు, "గాలి చెడిపోయిందని లోపలివాళ్లకు ఎలా తెలుస్తుంది బాబూ?" అని అడిగారు.

"కొలిచే పరికరాలు ఉంటాయమ్మా. అంతకంటె ముఖ్యం, జలాంతర్గామిలో పనిచేసే ప్రతివాడూ, వంటవాడైనా సరే, నౌక అంతా నేర్చుకోవాలి. ఏ గదిలో ఏముంది, ఏ కవాటం ఎటు త్రిప్పాలి, ప్రమాదమైతే ఏ తలుపు మూయాలి, అన్నీ పరీక్షలో చెప్పాలి. అప్పుడే అతనికి జలాంతర్గామి నావికుని బ్యాడ్జి ఇస్తారు. ఒకడు తప్పు చేస్తే 75 మంది పోతారు కదా."

మామ్మగారు కొంతసేపు ఆ ఇనుపగోడను చేతితో తడుముతూ నిలబడ్డారు. "మాకెవ్వరూ ఏదీ చెప్పలేదు బాబూ" అన్నారు.

ఆయనకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది.

2020 మే 7. దేశమంతా లాక్‌డౌనులో ఉన్న దినాలు. తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో, మా గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారపు ట్యాంకులో నిలువ ఉంచిన స్టైరీన్ వేడెక్కి, ఆవిరై ఊరిమీదికి వచ్చింది. ఆ ఆవిరి గాలికంటె బరువైనది. పైకి పోకుండా నేలబారున ప్రాకుతుంది. ఎండాకాలం కావడంతో చాలామంది కిటికీలు తెరచుకొని నిద్రపోతున్నారు. లేచినవారు పరుగెత్తారు, పరుగెత్తినవారు దారిలో పడిపోయారు. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కట్టుకొయ్యల దగ్గర పశువులు చనిపోయాయి. ఈ మామ్మగారు ఆరేళ్ల మనుమడిని చంకనెత్తుకొని చీకటిలో నడచి బ్రతికినవారు.

ఆ రాత్రి మాకు ఫోను వచ్చింది. "అయ్యగారూ, ఎటు పరుగెత్తమంటారు?" అని అవతలివారు ఏడుస్తూ అడిగారు. మేము జవాబు చెప్పలేకపోయాము. ప్రార్థన చేశాము, అది నిజమే. కాని గాలి ఎటు వీస్తున్నదో చూడమని, గాలికి అడ్డంగా నడచి ఎత్తైన చోటికి పొమ్మని చెప్పే జ్ఞానం మాకు లేదు. ఎన్నో ఏళ్లుగా ఆ ట్యాంకుల ప్రక్కన కాపురమున్నాము. వాటిలో ఏమున్నదని ఒక్కసారైనా అడగలేదు. మందిరంలో మైకు ఉంది, వారం వారం ప్రకటనలు చదువుతాము. అలాంటి ప్రకటన ఒక్కటీ చదవలేదు.

తప్పు కర్మాగారానిదే, కాదనము. విచారించి తీర్పు చెప్పవలసినవారు ఉన్నారు. కాని కుర్సురా కడుపులో నిలబడినప్పుడు మా వంతు కూడా మాకు కనబడింది. నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం, నూనె శుద్ధి కర్మాగారం, రసాయనాల గోదాములు ఉన్న ఈ పట్టణంలో మనమందరమూ ఒకే గాలి పీల్చే నావికులమే. అయితే ఆ 75 మందికి తమ నౌక తెలుసు. మనకు మన వీధి తెలియదు.

వెనుక తలుపు గుండా బయటికి వచ్చేసరికి సముద్రపు గాలి ముఖాన కొట్టింది. మామ్మగారు కొంగు తీసి చెమట తుడుచుకొని, గట్టిగా ఊపిరి పీల్చారు. రోడ్డు అవతల 2017 డిసెంబరులో ప్రదర్శనశాలగా తెరచిన టి.యు.-142 విమానం ఉంది. జలాంతర్గాములను వెదకడమే దాని పని అని చెప్పగానే పిల్లలు దాని దగ్గరకు పరుగెత్తారు. వేటగాడు, వేటాడబడేది ఎదురెదురుగా విశ్రాంతి తీసుకొంటున్నట్లున్నది. మామ్మగారు మాత్రం ఇసుకలో కూర్చుని, మిగిలిన పులిహోర పంచిపెట్టారు.

మరుసటి ఆదివారం ఆరాధన అయిన తరువాత మా యౌవనస్థులు ఒక అట్టమీద పెద్ద అక్షరాలతో వ్రాసి మందిరపు తలుపు ప్రక్కన తగిలించారు: 'గాలిలో ఘాటైన వాసన వస్తే దీపం, పొయ్యి వెలిగించవద్దు. చెట్ల ఆకులనో, ఆరవేసిన బట్టలనో చూచి గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకోండి. ఆ గాలికి ఎదురుగా వాయువు వచ్చే వైపు పోవద్దు, అడ్డంగా తప్పుకోండి. పల్లంలో ఆగవద్దు. ముసలివారిని, పిల్లలను పేరు పేరున పిలిచి లేపండి. 112కు ఫోను చేయండి.' మన వీధి చుట్టూ ఏ కర్మాగారంలో ఏ వస్తువు నిలువ ఉన్నదో అధికారులను అడిగి తెలుసుకొనే పని కూడా ఇద్దరికి అప్పగించాము.

మీరు విశాఖ వస్తే పిల్లలను తీసుకొని కుర్సురా చూడండి. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. టార్పెడోలను చూచి ఆశ్చర్యపడండి. కాని గాలిని గూర్చి కూడా తప్పక అడగండి. ఇంటికి వెళ్లాక మీ ఇంటి చుట్టూ ఏముందో అడగండి.

మామ్మగారు ఇప్పటికీ మందిరంలో తలుపు ప్రక్కనే కూర్చుంటున్నారు. ఆ అట్ట ఆమె తలకు పైగానే ఉంది. లోపలికి వచ్చే ప్రతివారినీ ఆపి, "అది చదివి వెళ్లండి బాబూ" అంటున్నారు.